హైదరాబాద్ ఫ్రూట్ బిస్కెట్: ఇంటి తయారీ

ఫ్రూట్ బిస్కెట్ హైదరాబాద్ బేకరీలకు దేశమంతటా పేరు తెచ్చిన వెన్న బిస్కెట్. ఇందులో గుడ్డు ఉండదు. మైదా, వెన్న, పంచదార పొడి, కస్టర్డ్ పొడి కలిపిన ముద్దలో టూటీ ఫ్రూటీ, జీడిపప్పు పలుకులు వేసి, నలుపలకల దిమ్మెగా అదిమి, చల్లబరిచి, బిళ్లలుగా కోసి కాలుస్తారు. బిస్కెట్ ముఖాన ఎర్రటి, పచ్చటి ముక్కలు కత్తికి తెగిన గుర్తుతో కనిపిస్తాయి. హైదరాబాద్‌కే చెందిన ఉస్మానియా బిస్కెట్‌తో దీన్ని కలిపి చెప్పడం మామూలే కానీ ఆ రెండింటి దారులు వేరు. ఉస్మానియా గుండ్రంగా, తీపిలో ఉప్పు తగిలేలా ఉంటుంది. ఫ్రూట్ బిస్కెట్ అంచు నిటారుగా, మూల పదునుగా ఉంటుంది. ఆ పదును రావాలంటే పిండి ముద్ద కత్తి కిందికి వచ్చేసరికి చల్లగా, గట్టిగా ఉండాలి. ఇంట్లో చేసేవారు ముందుగా పట్టించుకోవలసింది ఈ చల్లదనాన్నే.

చరిత్ర

పిండిలో వెన్న ఎక్కువగా, నీరు దాదాపు లేకుండా చేసే ఈ జాతి బిస్కెట్‌ను స్కాట్లాండ్‌లో షార్ట్‌బ్రెడ్ అంటారు. తూకంలో పంచదార ఒక వంతు, వెన్న రెండు వంతులు, పిండి మూడు వంతులు దాని పాత లెక్క. అమెరికాలో 1920, 1930లలో ఇళ్లలోకి రిఫ్రిజిరేటర్లు వచ్చాక, ముద్దను ముందే చేసి చల్లగా దాచి, కావలసినప్పుడు కోసి కాల్చుకునే పద్ధతి బాగా వ్యాపించింది. మన దేశంలో ఈ జాతికి పెద్ద దిక్కు సూరత్ నాన్‌ఖటాయి. అయితే దాన్ని చేత్తో ఉండ చేసి అదుముతారు, కత్తితో కోయరు.

హైదరాబాద్‌లో ఫ్రూట్ బిస్కెట్ అనగానే గుర్తొచ్చేది కరాచీ బేకరీ. దేశ విభజన తర్వాత సింధ్ నుంచి వలస వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర దాన్ని ప్రారంభించారు. వదిలి వచ్చిన ఊరి పేరే కొట్టుకు పెట్టుకున్నారు. శంషాబాద్ విమానాశ్రయంలో విమానం ఎక్కేవారి సంచుల్లో ఈ బిస్కెట్ డబ్బా ఉండటం నగర జీవితంలో ఒక ఆనవాయితీ అయింది. విభజన తెచ్చిన కష్టాల మధ్య ఒక కుటుంబం కొత్త ఊళ్లో నిలదొక్కుకుని, ఆ ఊరికే గుర్తుగా మిగిలే తినుబండారాన్ని ఇవ్వడం హైదరాబాద్ చరిత్రలో గౌరవంగా చెప్పుకోదగ్గ విషయం.

ఇళ్లలో ఓవెన్లు లేని కాలంలో తెలుగు ఊళ్లలో చాలామంది మైదా, పంచదార, డాల్డా తీసుకెళ్లి వీధి బేకరీలో బిస్కెట్లు కాల్పించుకునేవారు. క్రిస్మస్‌కు ముందు, రంజాన్‌కు ముందు ఆ బట్టీల దగ్గర రేకు డబ్బాలు వరుసగా నిలబడేవి. బట్టీ బేకరీవాళ్లది, సరుకు ఇంటివాళ్లది. వెన్న బిస్కెట్‌తో తెలుగు ఇళ్లకు చుట్టరికం అలా ఎప్పటి నుంచో ఉంది.

హఫీజ్‌పేట్ వంటిళ్లు

ఇప్పుడు ఈ బిస్కెట్‌ను ఇళ్లలోనే కాల్చుకుంటున్న చోట్లలో హఫీజ్‌పేట్ ఒకటి. అది శేరిలింగంపల్లి మండలంలో, మియాపూర్‌కు కొండాపూర్‌కు మధ్యనున్న పాత ఊరు. హైటెక్ సిటీ పెరిగాక అపార్ట్‌మెంట్ల ప్రాంతమైంది. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లలో లింగంపల్లి నుంచి నాంపల్లి వెళ్లేవి హఫీజ్‌పేట్‌లో ఆగుతాయి. హైటెక్ సిటీ, బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటి నాంపల్లిలో దిగితే మొజంజాహీ మార్కెట్ దగ్గరే. బిస్కెట్‌కు పేరు తెచ్చిన చోటుకు, ఇప్పుడు దాన్ని ఇళ్లలో కాల్చుకుంటున్న చోటుకు ఒకే రైలు మార్గం.

ఇక్కడి ఐటీ ఉద్యోగాలున్న ఇళ్లకు, ముద్దను చల్లగా దాచి కోసుకునే ఈ పద్ధతి ఎందుకు నప్పుతుందో చెప్పాలి. భార్యాభర్తలిద్దరూ రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరితే ఒక్క రోజులో కలిపి, కోసి, కాల్చే తీరిక దొరకదు. ఈ ముద్ద మాత్రం ఆగుతుంది. ఆదివారం కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన దిమ్మెను బుధవారం సాయంత్రం పిల్లల టీ వేళకు ఆరు ముక్కలు మాత్రమే కోసి కాల్చుకోవచ్చు. అట్టపెట్టెలో ఉండే సరుకుకు దొరకని తాజాదనం ఇది. కేక్ పిండికి ఈ సౌలభ్యం లేదు. బేకింగ్ పౌడర్ తడి తగిలిన వెంటనే పని మొదలుపెడుతుంది కనుక కేక్ పిండి కలిపాక ఆగదు. ఈ బిస్కెట్‌లో పొంగించే పొడి అక్కరలేదు.

పదార్థాలు

సుమారు పాతిక బిస్కెట్లకు మైదా 150 గ్రాములు, కస్టర్డ్ పొడి 30 గ్రాములు, వెన్న 100 గ్రాములు, పంచదార పొడి 60 గ్రాములు, టూటీ ఫ్రూటీ 60 గ్రాములు, జీడిపప్పు 30 గ్రాములు, యాలకుల పొడి పావు చెంచా, పాలు ఒకటి రెండు చెంచాలు సరిపోతాయి. కప్పులతో కొలిచే అలవాటు ఈ ఒక్క వంటకానికైనా మానుకోవడం మంచిది. కుదించి నింపిన మైదా కప్పుకూ, జల్లించి నింపిన కప్పుకూ తూకంలో చాలా తేడా వస్తుంది. వెన్న బిస్కెట్ ఆ తేడాను ఓర్చుకోదు. చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఉంటే పని సగం కుదురుతుంది.

కొట్లో దొరికే ఉప్పు వెన్నలో కొవ్వు కనీసం 80 శాతం ఉండాలన్నది నిబంధన. మిగతాది ప్రధానంగా నీరు, కొద్దిగా ఉప్పు. ఉప్పు వెన్న వాడితే వేరే ఉప్పు వేయనక్కరలేదు. ఇంట్లో చిలికిన వెన్నలో మజ్జిగ తడి ఎక్కువ ఉంటుంది కనుక బిస్కెట్ గట్టిపడుతుంది. దాన్ని కాచి నెయ్యి చేసి, పేరుకున్న నెయ్యి 80 గ్రాములు తీసుకోవడం మేలు. నెయ్యితో రుచి నాన్‌ఖటాయి వైపు మొగ్గుతుంది. బేకరీలు ఎక్కువగా వాడిన వనస్పతి చవక, ఎండకు తొందరగా కరగదు, కానీ దానిలోని ట్రాన్స్ ఫ్యాట్ గుండెకు చేటు. ఆహార భద్రతా సంస్థ నూనెలు, కొవ్వుల్లో దాని పరిమితిని 2021 జనవరి నుంచి 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి తగ్గించింది. ఇంట్లో చేసుకునే శ్రమకు న్యాయం జరగాలంటే అసలు వెన్నే వాడాలి.

కస్టర్డ్ పొడిని 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ తయారుచేశాడు. భార్యకు గుడ్డు పడకపోవడం దానికి కారణం. గుడ్డు తినని ఇళ్లకు అందుకే ఈ బిస్కెట్ అక్కరకొచ్చింది. కస్టర్డ్ పొడిలో ఉన్నది ఎక్కువగా మొక్కజొన్న పిండి పదార్థం, రంగు, వెనీలా వాసన. మొక్కజొన్న పిండిలో గ్లూటెన్ లేదు కనుక మైదా బిగువును కొంత తగ్గించి బిస్కెట్‌ను మెత్తగా విరిగేలా చేస్తుంది. టూటీ ఫ్రూటీ అంటే పచ్చి బొప్పాయి ముక్కలను పంచదార పాకంలో ఊరబెట్టి రంగు వేసినది. పాకం అంటి జిగటగా ఉంటే జల్లెడలో వేసి తుడిచి, చెంచాడు మైదా అద్దాలి. 60 గ్రాములకు మించితే దిమ్మె కోతలో పగులుతుంది, తీపి కూడా మొహమెత్తుతుంది.

ముద్ద కలపడం

వెన్న వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి, కరిగి మెరవకూడదు. హైదరాబాద్ మే నెలలో ఇదే పెద్ద చిక్కు. పగటి వేడి 40 డిగ్రీలు దాటే రోజుల్లో, యాప్‌లో తెప్పించిన వెన్న గుమ్మం చేరేలోపే జారిపోతుంది. అలాంటిదాన్ని అరగంట ఫ్రిజ్‌లో ఉంచి వాడాలి. వెన్న, పంచదార పొడి కలిపి రెండు మూడు నిమిషాలు గిలక్కొడితే చాలు. కేక్‌కు చేసినట్టు నురగ వచ్చేదాకా కొడితే లోపల గాలి చేరి బిస్కెట్ పొంగుతుంది, అంచు వంకర పోతుంది. తర్వాత మైదా, కస్టర్డ్ పొడి, యాలకుల పొడి కలిపి జల్లించి, వేళ్ల కొనలతో వెన్నలోకి పట్టించాలి.

ఇక్కడ జరిగేది తెలుగు వంటింటికి తెలిసిన విషయమే. జంతికలు, చెక్కలు గుల్లగా రావాలని పిండిలో వెన్నో, కాగిన నూనో పోసి చేత్తో నలుపుతాం. కొవ్వు పిండి రేణువులను కప్పేస్తే వాటికి తడి అందదు, గ్లూటెన్ సాగే పోగుగా అల్లుకోదు. అందుకే నోట్లో పెట్టగానే పొడిగా విడిపోతుంది. ముద్దను పూరీ పిండిలా పిసికితే ఈ మేలంతా పోతుంది. పండు ముక్కలు, సన్నగా తరిగిన జీడిపప్పు చివర్లో వేసి, ముద్ద విడిపోతుంటేనే చెంచాడు పాలు చిలకరించాలి.

చల్లబరచడం

ముద్దను బటర్ పేపర్ మీద పెట్టి 18 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తు గల దిమ్మెగా అదమాలి. లోపల ఖాళీలు మిగిలితే కోసిన ముక్కలో బొక్కలు కనబడతాయి కనుక గట్టిగానే అదమాలి. పక్కలు నున్నగా రావడానికి రెండు పలకల మధ్య పెట్టి సరిచేస్తే సరి. పేపర్ చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ కింది అరల్లో కనీసం రెండు గంటలు ఉంచాలి. డీప్ ఫ్రీజర్‌లో అయితే 40 నిమిషాలు.

ఈ రెండు గంటల్లో వెన్న తిరిగి గట్టిపడుతుంది, పిండి తడిని సమంగా పీల్చుకుంటుంది, కలిపేటప్పుడు ఏర్పడిన కొద్దిపాటి బిగువు సడలుతుంది. చల్లటి ముక్క ఓవెన్‌లోకి వెళ్లినప్పుడు వెన్న ఆలస్యంగా కరుగుతుంది. ఈలోగా అంచు ఎండి నిలబడిపోతుంది. వెచ్చటి ముక్క అయితే అంచు ఎండకముందే వెన్న జారి, బిస్కెట్ పరుచుకుని పక్కదానికి అంటుకుంటుంది. డిసెంబరు చలిలో ముద్ద కొంత గట్టిగానే ఉంటుంది కానీ హైదరాబాద్ చలి స్కాట్లాండ్ చలి కాదు. ఫ్రిజ్ తప్పదు.

కోత

కత్తి పలుచగా, పొడవుగా, పదునుగా ఉండాలి. దిమ్మెను ఒక్క ఒత్తుతో నిలువునా కోయాలి, రంపంలా ముందుకూ వెనక్కూ లాగకూడదు. మందం 6 నుంచి 7 మిల్లీమీటర్లు. అంతకన్నా పలుచన చేస్తే జీడిపప్పు దగ్గర విరుగుతాయి. దళసరిగా ఉంటే నడుమ పచ్చిగా మిగులుతాయి. ఆరేడు ముక్కలు కోయగానే చేతి వేడికి దిమ్మె మెత్తబడుతుంది. అప్పుడు మళ్లీ పది నిమిషాలు లోపల పెట్టాలి. నెయ్యి దిమ్మె దీనికి విరుద్ధం. ఫ్రిజ్ నుంచి తీయగానే కోస్తే పగుళ్లు ఇస్తుంది. పది నిమిషాలు బయట ఉంచి కోయాలి.

కాల్పు

ఓటీజీ ఓవెన్‌ను 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నుంచి పదిహేను నిమిషాలు ముందే వేడి చేయాలి. కోసిన ముక్కలను బటర్ పేపర్ వేసిన రేకులో రెండు సెంటీమీటర్ల ఎడంతో పేర్చి, ఓవెన్ వేడెక్కేదాకా రేకుతో సహా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. మధ్య అరలో, పైనా కిందా రెండు రాడ్లూ వెలిగించి, 160 నుంచి 170 డిగ్రీల మధ్య 15 నుంచి 18 నిమిషాలు కాల్చాలి. చిన్న ఓవెన్లలో వెనుక వైపు వేడి ఎక్కువ కనుక సగం సమయానికి రేకును తిప్పాలి. అంచు లేత బంగారు రంగుకు రాగానే తీసేయాలి. అప్పుడు నడుమ వేలికి మెత్తగా తగులుతుంది. చాలామంది దాన్ని పచ్చిదనం అనుకుని ఇంకో ఐదు నిమిషాలు ఉంచి మాడ్చుతారు. వెన్న చల్లారుతూ గట్టిపడితేనే బిస్కెట్ కరకరలాడుతుంది. రేకు మీదే పది నిమిషాలు వదిలి, ఆ తర్వాత జాలీ మీదికి మార్చాలి.

మైక్రోవేవ్ ఉన్నవారు కన్వెక్షన్ పద్ధతిలోనే చేయాలి. ఏ ఓవెనూ లేకపోతే మందపాటి గిన్నెలో ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతతో సన్న సెగపై పది నిమిషాలు కాచి, పళ్లెం దించి 20 నుంచి 25 నిమిషాలు ఉంచవచ్చు. కుక్కర్ వాడితే రబ్బరు వలయం, విజిల్ తీసేయడం తప్పనిసరి. ఈ దారిలో అడుగు ముందుగా రంగు తిరుగుతుంది. పళ్లెం కింద ఇంకో పళ్లెం పెడితే కొంత నయం.

నిల్వ, అమ్మకం

పూర్తిగా చల్లారిన బిస్కెట్లు గాలి చొరని స్టీలు డబ్బాలో రెండు వారాలు బాగుంటాయి. వానాకాలంలో మెత్తబడితే 140 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు వేడి చేస్తే మళ్లీ కరకరలాడతాయి. కాల్చని దిమ్మె ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో నెల ఆగుతుంది. ఫ్రిజ్‌లో ఉల్లి, వెల్లుల్లి వాసన వెన్నకు త్వరగా పడుతుంది కనుక రెండు పొరలుగా చుట్టాలి. ఇంటి నుంచి చేసి అమ్మేవారు కూడా 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు చేసుకోవాలి.

ప్రతి ఓవెన్ వేడి ఒక్కో రకంగా ఉంటుంది. మొదటిసారి చేసేవారు దిమ్మె మొత్తం ఒక్కసారే కోయవద్దు. రెండు ముక్కలు మాత్రం కోసి కాల్చి చూడండి. అవి పరుచుకుంటే మిగతా దిమ్మెను ఇంకో గంట ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత కోయండి.