బండరాళ్ళ బండికి బోలు ఎముకలు

ఫ్రెంచివారి ‘షాసీ’ అనే మాటకు చట్రమని అర్థం. అదే మన మెకానిక్కుల నోట ఛాసిస్ అయింది. పద్యాలు చెప్పుకొనేవాడికి ఈ ఇనుప గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. అమెరికాలో బండరాళ్ళ మీదికి నడక వేగంతో బండ్లెక్కించే క్రీడ ఒకటుంది, రాక్ క్రాలింగ్ అంటారు. ఆ బండ్ల చట్రం వెనుక నూరేళ్ళు దాటిన చరిత్ర కనబడి ఊరుకోలేకపోయాను.

1953లో కాలిఫోర్నియాలోని రూబికాన్ బాటన జీపుల జాతర మొదలైనప్పుడు అన్నీ నిచ్చెన చట్రాలే: రెండు ఉక్కు దూలాలు, నడుమ అడ్డకమ్మీలు. ఒక చక్రం బండమీదా, ఎదురుమూల చక్రం గోతిలోనూ ఉంటే నిచ్చెన మెలితిరుగుతుంది. బండి బోర్లాపడితే తలను కాచేది అందులో ఏదీ లేదు.

గొట్టం కథ వేరు. 1885లో జర్మనీలో మానెస్మాన్ సోదరులు అతుకులేని ఉక్కుగొట్టం చేసే ఉపాయం కనుగొన్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫోకర్ విమానాల దేహాలు ఉక్కుగొట్టాలు వెల్డింగు చేసి కట్టినవే. అంతే బరువున్న నిండు కమ్మీకన్నా గొట్టం వంపును బాగా ఓర్చుకుంటుంది. ఈ సంగతి వెదురుకు ఏనాడో తెలుసు! 1952 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ పందెపు కారులో గొట్టాలను త్రిభుజాలుగా పేర్చిన చట్రం బరువు సుమారు 50 కిలోలే. ఆ అల్లిక పక్కల ఎత్తుగా రావడంతో మామూలు తలుపులకు చోటు చాలక, పక్షిరెక్కల్లా పైకి లేచే తలుపులు పెట్టారు. లోకం సోకనుకున్నది గత్యంతరం లేక చేసిన పని.

1990ల చివర రాతి పోటీలు ఊపందుకున్నాక ఈ విద్య అక్కడికీ చేరింది. చిక్కంతా ఏ గొట్టం అన్నదానిలోనే. క్రోమియం, మాలిబ్డినం కలిసిన 4130 ఉక్కు బలమైనదే గాని, తేలికైనది కాదు. సాంద్రత మామూలు ఉక్కుదే. బరువు తగ్గాలంటే గోడ పలచన చేయాలి. చదును బాటన పరుగెత్తే కారుకు అది చెల్లుతుంది. రాతిమీద ఒరిగి రాసుకుపోయే బండికి పలచని గోడ సొట్టపడుతుంది. సొట్టపడ్డ గొట్టం బలం సగం పోయినట్లే. పైగా వెల్డింగు వేడి హద్దు తప్పితే 4130 అతుకు పక్కనే పెళుసవుతుంది. నాకైతే ఒకటిముప్పావు అంగుళం వ్యాసం, 3 మిల్లీమీటర్ల గోడ ఉన్న మెత్తని ఉక్కుగొట్టమే సబబనిపిస్తుంది. అది విరగకముందు వంగుతుంది.

అయితే ఖరీదైన గొట్టం కొని త్రిభుజం మరచిన చట్రాల బొమ్మలు కూడా చూశాను. డ్రైవరు తలపై నాలుగు పలకల చట్రం, మూల నుంచి మూలకు కమ్మీ లేదు. బండి పక్కకు దొర్లితే ఆ చతురస్రం పందిరి కూలినట్లు ఒరిగిపోతుంది.