‘జ్ఞా’ చూసి కూలిన ఫోన్లు

చిన్నప్పుడు ఒత్తులు దిద్దించేటప్పుడు పంతుళ్లు చివరిదాకా అట్టిపెట్టే అక్షరం ఒకటుండేది. జ కింద ఞ ఒత్తు, జ్ఞ. ఞ తో మొదలయ్యే మాట మనకు ఎక్కడా తగలదు. ఆజ్ఞ, యజ్ఞం, కృతజ్ఞత అంటూ జ కింద చేరితేనే దానికి బతుకు. పలక మీద పిల్లల్ని ఏడిపించిన ఆ అక్షరమే 2018 ఫిబ్రవరిలో దేశదేశాల్లో ఐఫోన్లను పడుకోబెట్టింది.

సంగతి మొదలైన తీరు విచిత్రం. ఎవరో ఒక మెసేజ్ పంపుతారు. అందులో ఒకే ఒక్క తెలుగు అక్షరం, ‘జ్ఞా’ లాంటిది. తెరిచీ తెరవగానే యాప్ మూసుకుపోతుంది. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే. ఆ అక్షరం నోటిఫికేషన్‌గా వస్తే ఇంకా ఘోరం. ఫోన్ ముఖద్వారమైన హోమ్ స్క్రీనే కూలిపోయి, లేచి, ఆ అక్షరాన్ని మళ్లీ చూసి మళ్లీ పడిపోయేది. వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్, ఒకటేమిటి. ఆకతాయిలు ఊరుకుంటారా? ట్విట్టర్‌లో తమ పేరు పక్కన ఆ అక్షరాన్ని తగిలించుకున్నారు. పేరు చూసినవాడి యాప్ గోవిందా.

జనం తోచిన వైద్యం చేశారు. ఫోన్ ఆపి మళ్లీ వెలిగించారు, ఫలితం లేదు. మెసేజ్ తుడిచేద్దామంటే, తుడవాలంటే తెరవాలి, తెరిస్తే కూలుతుంది. చివరికి ఒక చిట్కా కొందరికి పనిచేసింది: మిత్రుడితో ఇంకో మామూలు మెసేజ్ పంపించుకుని, యాప్ మెల్లగా తెరుచుకున్న ఆ కాసేపట్లో పాత సంభాషణ మొత్తం చెరిపేయడం. జబ్బు మాత్రం అట్లాగే ఉంది.

ఇంగ్లీషు పత్రికలు ‘తెలుగు అక్షరంతో ఐఫోన్ క్రాష్’ అని రాశాయి. చదివిన మనవాళ్లకు నవ్వూ వచ్చింది, కాస్త గర్వమూ వచ్చింది. ఆ వార్త మాత్రం సగమే నిజం. జ్ఞానం అని మామూలుగా టైప్ చేస్తే ఏ ఫోనూ కూలలేదు. మరి ఆ మెసేజ్‌లో ఉన్నదేమిటి?

అది అర్థం కావాలంటే చౌటుప్పల్ మండలంలోని కొయ్యలగూడెం దాకా ఒకసారి పోయి రావాలి. అక్కడ ఇక్కత్ నేస్తారు. ఇక్కత్‌లో రంగు అద్దేది బట్టకు కాదు, నూలుకు. మగ్గమెక్కకముందే ఏ పోగు ఏ చోట ఎంత మేర ఏ రంగుండాలో లెక్కకట్టి, అంతమేరకు చిటికి కట్టి ముంచుతారు. లెక్క తప్పకుంటే నేతలో పువ్వు దానంతటదే విచ్చుకుంటుంది. ఒక పోగు జరిగిందా, పువ్వు చెదిరిందే.

ఫోన్‌లో తెలుగు అక్షరం కూడా అట్లా నేసిందే. మనకు ‘జ్ఞా’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం నాలుగు పోగులు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఏది పైన, ఏది కింద, దీర్ఘం ఎక్కడ అతకాలి అని లెక్కగట్టి పేర్చే పని యాపిల్‌లో కోర్‌టెక్స్ట్ అనే భాగానిది. ఆ మెసేజ్‌లో ఉన్నవి నాలుగు కాదు, ఐదు పోగులు. ఐదోది కంటికి కనపడదు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, అంటే వెడల్పు లేని విడదీత గుర్తు. ఇది మనకు కొత్తది కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా పొల్లు తర్వాత నిలబడి అడ్డుపడేది అదే. కాని ఈ మెసేజ్‌లో అది పొల్లు తర్వాత లేదు, ఞ కు దీర్ఘానికి మధ్య దూరింది. అక్కడ దానితో ఎవరికీ పనిలేదు. అట్లా రాసేవాడు ఉంటాడని కోర్‌టెక్స్ట్ రాసినవాళ్లు అనుకుని ఉండరు.

అప్పుడు మోజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్కర్ ‘తెలుగు అక్షరం’ అన్న జవాబుతో తృప్తిపడలేదు. ఇట్లా కూల్చే అక్షరం బెంగాలీలోనూ ఒకటి కనిపించింది. అంటే తప్పు జ్ఞ ది కాదు, దాని వెనక ఏదో సూత్రం ఉంది. హల్లులు మార్చి, గుణింతాలు మార్చి, లిపులు మార్చి జతలు కట్టి చూశాడు. కొన్ని కూలాయి, కొన్ని కూలలేదు. కూలనివే ఎక్కువ నేర్పాయి. దేవనాగరిలో రెండో హల్లు ‘ర’ అయినప్పుడు కూలింది, బెంగాలీలో ‘ర’, ‘య’ లతో కూలింది. మన తెలుగులోనైతే ఏ హల్లైనా సరే! ఎందుకంటే ఆ లిపుల్లో ఏవో కొన్ని హల్లులే ముందు హల్లుకు ఒత్తులా తగులుకుంటాయి. తెలుగులో ప్రతి హల్లుకూ ఒత్తు ఉంది. ఇంకో చిక్కుముడి: ఐత్వం పెడితే మాత్రం కూలలేదు. ఐత్వం రెండు ముక్కల గుర్తు, పైన ఒకటి, కింద ఒకటి. బెంగాలీలోనూ రెండు ముక్కల గుణింతాలు బతికిపోయాయి. ఫిబ్రవరి 15న ఆయన ఈ సూత్రమంతా రాసి పెట్టాడు. జ్ఞ ఒక్కటే దోషి అనుకున్నది తీరా చూస్తే వందల జతలున్న గుంపు. మొదట ఎవరి కంటనో పడింది జ్ఞ, అంతే.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఆపరేటింగ్ సిస్టంలో అన్నిటికన్నా లోపలి గది కెర్నెల్. మెమరీ ఎవరికెంత, ప్రాసెసర్ మీద వంతు ఎవరిది అని తేల్చేది అదే. కోర్‌టెక్స్ట్ ఆ గదిలో ఉండదు, వసారాలో ఉంటుంది. అందుకే యాప్‌లు కూలినా ఇల్లు నిలిచింది. విండోస్‌కు ఆ అదృష్టం లేకపోయింది. 1996లో ఎన్‌టీ 4.0 వచ్చినప్పుడు, వేగం కోసం బొమ్మలూ అక్షరాలూ గీసే పనిని కెర్నెల్ లోపలికే తీసుకుపోయారు. 2011లో డుక్యూ అనే గూఢచారి ప్రోగ్రాం బయటపడింది. దాన్ని మొదట పట్టుకున్నది బుడాపెస్ట్‌లోని క్రైసిస్ ల్యాబ్ వాళ్లు. అది వర్డ్ ఫైల్‌లో ఒక ఫాంటును దాచి తెచ్చేది. ఫైల్ తెరవగానే కెర్నెల్ ఆ ఫాంటును చదవబోయి, తాళంచెవి దొంగ చేతిలో పెట్టేది. మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది డిసెంబర్‌లో ఆ కన్నం పూడ్చింది. తర్వాత విండోస్ 10 కాలంలో ఫాంట్లు చదివే పనినే కెర్నెల్ బయటికి నెట్టింది. అక్షరాలు గీసేవాడికి గర్భగుడిలో పనేముంది? ఆ సంగతి ఒప్పుకోవడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

ఐఫోన్ కథకు ముగింపు త్వరగానే వచ్చింది. అప్పటికే పరీక్షలో ఉన్న ఐఓఎస్ 11.3లో ఈ తప్పు లేదు. కాని దానికోసం జనం ఆగే స్థితిలో లేరు. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 విడుదల చేసింది. అదే రోజు మ్యాక్, వాచ్, టీవీలకు కూడా మరమ్మతు పంపింది. జరిగింది మెమరీ చెదిరిపోవడమని, వచ్చే అక్షరాలను ఇకనుంచి ఇంకా జాగ్రత్తగా తనిఖీ చేస్తామని దానికి జతచేసిన భద్రతా ప్రకటన సారాంశం.

రెండేళ్ల తర్వాత, 2020 ఏప్రిల్‌లో, ఐఫోన్లు మళ్లీ అట్లాగే కూలాయి. ఈసారి ఇటలీ జెండా బొమ్మ పక్కన సింధీ అక్షరాలు.