పెట్టెలో త్యాగయ్య, పందిట్లో త్యాగయ్య

ఏటా పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో కావేరి ఒడ్డున వేసిన పందిట్లో విద్వాంసులు బారులు తీరి కూర్చుని, నాటతో మొదలుపెట్టి శ్రీరాగం దాకా త్యాగరాజు పంచరత్న కీర్తనలను ఒక్క గొంతుతో పాడతారు. రేడియోలోనూ టీవీలోనూ ఆ దృశ్యానికి అలవాటు పడిన మనకు, త్యాగయ్య సిద్ధి పొందిన 1847 నుంచీ అది అలాగే సాగుతోందనిపిస్తుంది. నిజానికి ఆ గోష్ఠిగానానికి ఇంకా నూరేళ్లు నిండలేదు. అది 1941 ప్రాంతంలో కుదిరిన ఏర్పాటు. మరి మధ్యలో గడిచిన తొంభై ఏళ్లకు పైబడిన కాలంలో ఆ పాటల్ని కాపాడిందెవరు? ఆరాధన కాదనే నా వాదన. సంగీతం మీద మమకారం తప్ప మరో లాభం ఎరగని ఒకరిద్దరు తమ ఇళ్లలో పోగుచేసుకున్న తాటాకు కట్టలు, కాగితాల బొత్తులు ఆ పని ఎక్కువ భాగం చేశాయి. పందిరి చేసింది వేరే పని. అది చిన్నదేం కాదు గానీ, ఈ రెంటినీ ఒకటనుకోవడం వల్ల మొదటిదానికి దక్కాల్సిన పేరు దక్కలేదు.

ఆ కట్టల కథ వాలాజాపేటది. త్యాగరాజు శిష్యుల్లో వెంకటరమణ భాగవతార్ గురువు కన్నా పద్నాలుగేళ్లు చిన్న. 1781లో పుట్టి 1874 దాకా బతికాడు. ఇంట్లో సౌరాష్ట్రం మాట్లాడే కుటుంబం. తంజావూరు దగ్గరి అయ్యంపేటలో ఉండగా తిరువయ్యారుకు వచ్చి పాఠం చెప్పించుకుని, తరువాత వాలాజాపేటకు మకాం మార్చాడు. గురువు నోట వచ్చిన కృతుల్ని గంటంతో తెలుగు లిపిలో రాసుకున్నాడు. సాహిత్యమే కాదు, చాలాచోట్ల స్వరం కూడా. ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతార్ అదే పని కొనసాగించి, త్యాగయ్య జీవిత విశేషాలు కూడా రాసిపెట్టాడు. ఆ సంపుటి చివరికి మదురైలోని సౌరాష్ట్ర సభకు చేరి అక్కడ నిలిచింది. తమిళదేశంలో పుట్టిన తెలుగు పాటలు, సౌరాష్ట్రం మాతృభాషగా గల వాళ్ల చేతుల్లో, తెలుగు అక్షరాల్లో బతికాయన్నమాట. అదే కాలంలో తంజావూరులో శరభోజి రాజు సరస్వతీ మహల్ గ్రంథాలయాన్ని వేల తాళపత్రాలతో నింపుతున్నాడు. రాజుగారి గ్రంథాలయానికి ఉద్యోగులున్నారు, భవనముంది. శిష్యుడి పెట్టెకు శిష్యుడొక్కడే. అయినా త్యాగయ్య పాటల విషయంలో పరిశోధకులు మొదట తట్టే తలుపు ఈ పెట్టెదే.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. కర్ణాటక సంగీతం గురుముఖంగా వచ్చేదని, కాగితం మీది స్వరం ఎముకల గూడు వంటిదని, ప్రాణం పాఠంలోనే ఉందని సంగీతం తెలిసినవాళ్లు అంటారు. ఆంధ్రదేశానికి త్యాగయ్య వచ్చిన దారి చూస్తే వాళ్ల మాటకు బలం ఉన్నట్టే ఉంటుంది. పెదకళ్లేపల్లి నుంచి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి తంజావూరు సీమకు వెళ్లి, త్యాగరాజు బంధువూ శిష్యుడూ అయిన మానంబుచావడి వెంకటసుబ్బయ్య దగ్గర నేర్చుకున్నాడు. శాస్త్రిగారి దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి దగ్గర బాలమురళీకృష్ణ. కృష్ణా తీరానికి పాట నడిచొచ్చిన దారి ఇది, ఇందులో పెట్టె ప్రమేయం లేదు. నిజమే. అయితే పాఠం నడిచే కొద్దీ మారుతుంది కూడా. వాలాజాపేట, తిల్లైస్థానం, ఉమయాళ్‌పురం అని మూడు శిష్య సంప్రదాయాలను ఇవాళ వేరువేరుగా చెప్పుకుంటున్నామంటే, ఒకే గురువు పాట ఒకటి రెండు తరాల్లోనే మూడు రకాలుగా వినిపించిందనే కదా. రాగం పేరు దగ్గర తేడాలు, సంగతుల లెక్కలో తేడాలు, చరణాల వరసలో తేడాలు. ఏది ఎప్పుడు మారిందో తేల్చుకోవాలంటే గొంతును మరో గొంతుతో పోల్చి లాభం లేదు, మారకుండా పడివున్న ఆకు ఒకటి కావాలి. పైగా పాఠం ఎవరో ఒకరు పాడినంత కాలమే నిలుస్తుంది. ఇరవై నాలుగు వేల కృతులన్న మాట కీర్తికోసం చెప్పుకునేది, ఇప్పుడు దొరికేవి సుమారు ఏడు వందలు. కచేరీల్లో తిరిగేవి అందులో కొన్నే. తక్కినవాటికి దిక్కు రాత.

రాతను అచ్చులోకి తెచ్చిన వాళ్లూ ఇలాంటి అభిమానులే. మద్రాసు సచివాలయంలో ఉద్యోగం చేసిన ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ క్రైస్తవుడు. త్యాగయ్య కృతుల్ని కృష్ణస్వామి భాగవతార్ దగ్గర సేకరించి, పాశ్చాత్య స్వరలిపిలో 1890ల మొదట్లో అచ్చువేయించాడు. ఆ పనికే ఆస్తి కరిగించుకున్నాడు. సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో 1904లో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని వెనకా ఆయన ప్రోద్బలం ఉంది. ఆ మహాగ్రంథం కూడా తెలుగు లిపిలోనే వచ్చింది.

ఈలోగా తిరువయ్యారులో సమాధి ముళ్లపొదల పాలైంది. శిష్యులు ఎవరి ఇళ్లలో వాళ్లు తిథి జరుపుకునేవారు తప్ప ఒడ్డున ఉత్సవమంటూ లేదు. 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ వచ్చి బృందావనాన్ని బాగుచేయించాక, ఆ దశకంలోనే తిల్లైస్థానం సోదరులు నరసింహ భాగవతార్, పంజు భాగవతార్ పూనికతో ఆరాధన ఊపందుకుంది. ఊపందుకోగానే రెండు ముక్కలైంది. అన్నగారిది పెరియ కట్చి, అంటే పెద్ద పక్షం; తమ్ముడిది చిన్న కట్చి. ఒకరి ఉత్సవం పంచమి నాటికి ముగిస్తే మరొకరిది ఆ రోజు మొదలయ్యేది. విద్వాంసులు పక్షాలుగా చీలిపోయారు. ఎవరు ఏ పందిట్లో కూర్చున్నారన్నది పాట కన్నా పెద్ద విషయమైపోయింది. రెండు కట్చిలకూ ఒక్క విషయంలో మాత్రం పేచీ లేదు. ఆడవాళ్లు పాడకూడదు.

ఇక్కడ గాయని బెంగుళూరు నాగరత్నమ్మ దగ్గర కాస్త ఆగాలి. పెట్టె విలువా పందిరి విలువా రెండూ ఎరిగిన మనిషి ఈ కథలో ఆమె ఒక్కతే. ముద్దుపళని కావ్యం రాధికా సాంత్వనం అప్పటికే అచ్చయి ఉంది. దాన్ని పైడిపాటి వెంకటనరసు పరిష్కరించాడు. కానీ అందులో కవయిత్రి తన వంశాన్ని చెప్పుకున్న పీఠిక లేదు, కొన్ని పద్యాలు లేవు. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, సరిచూసి, సమగ్రంగా 1910లో వావిళ్ల వారి చేత వేయించింది. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలానికి గానీ ఆ ఆంక్ష తొలగలేదు. అచ్చు ఎలా కత్తిరిస్తుందో, రాతప్రతి ఏం దాచుకుంటుందో ఆమెకు అనుభవపూర్వకంగా తెలుసు. అటువంటి మనిషికి 1921లో ఆమె గురువు బిడారం కృష్ణప్ప, సమాధి దురవస్థ చెబుతూ ఉత్తరం రాశాడు. ఆ ఏడే అక్టోబరులో పునాది వేయించి, కచేరీల్లో గడించిన సొమ్మంతా ధారపోసి గుడి కట్టించింది. 1926 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది. తాను కట్టించిన గుడి ముందు తానే పాడడానికి వీల్లేదన్నారు. ఆమె పంతం పట్టి, 1927 నుంచి సమాధి వెనకవైపు ఆడవాళ్ల చేత వేరే ఆరాధన మొదలుపెట్టింది. కట్చిలు మూడయ్యాయి.

ఆ మూడూ 1940లో ఒకటయ్యాయి. ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వై. కృష్ణస్వామి వంటివారి మధ్యవర్తిత్వం అందుకు తోడ్పడింది. అందరూ కలిసి ఏం పాడాలన్న ప్రశ్నకు హరికేశనల్లూరు ముత్తయ్య భాగవతార్ సూచించిన జవాబు పంచరత్నాలు. అంటే గోష్ఠిగానం పుట్టింది భక్తిలోంచి మాత్రమే కాదు, రాజీలోంచి కూడా. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న తగువు ఒక్కసారిగా పాడేటప్పుడు ఉండదు కదా! కానీ వందమంది ఒక్కసారిగా పాడాలంటే వందమందికీ ఒకే పాఠం ఉండాలి. ఫలానా సంప్రదాయంలో చరణం ముందు, మరో దాంట్లో వెనక అంటే గోష్ఠి నడవదు. ముప్ఫై ఏళ్లు కట్చిలుగా కాపాడుకున్న తేడాలు పందిట్లో చదునయ్యాయి. పుస్తకం చూసి నేర్చుకున్న పాఠమే అందరి పాఠమైంది. ఇవాళ విజయవాడలోనైనా, 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుపుతున్న అమెరికాలోని క్లీవ్‌లండ్‌లోనైనా కొత్తగా వచ్చినవాడు పక్కవాడితో గొంతు కలపగలుగుతున్నాడంటే ఆ చదును వల్లనే.

ఇది నష్టమేనా అని అడగవచ్చు. పురుషుల పందిట్లో కాలుపెట్టనివ్వని స్త్రీలు ఈ ఏర్పాటుతో మొదటి వరసకు వచ్చారు. చరణాల వరస పట్టింపు కన్నా అది వేయి రెట్లు ఎక్కువని నేనూ అంటాను. ఆరాధనంటే ఐదు కీర్తనలే కాదు, మిగతా రోజుల్లో విద్వాంసులు వచ్చి తలా ఒకటి రెండు కృతులు పాడతారు కదా అన్నదీ సబబే. అయితే పెద్ద సభలో, అనేకులతో, కొద్ది నిమిషాల్లో పాడేటప్పుడు ఎవరైనా తెలిసిన కృతినే ఎంచుకుంటారు. అరుదైన దాన్ని వెతికే ఓపిక పందిరికి ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. నా అభ్యంతరమల్లా పందిరిని చూసి త్యాగయ్య భద్రంగా ఉన్నాడని నిశ్చింతపడడం మీదే. నాగరత్నమ్మకు ఆ భ్రమ లేదు. ఆస్తిని సమాధి పేర రాసిచ్చినప్పుడు కూడా, దేవదాసీలతో సహా స్త్రీలెవరికీ అక్కడ అడ్డు చెప్పరాదని షరతు పెట్టి మరీ వీలునామా రాసింది. ఆ రోజుకు ఎంత మంచి ఉత్సవమైనా, కాగితం మీద లేనిదాన్ని రేపు ఎవరైనా కాదనగలరని ఆమెకు తెలుసు. 1952లో పోయాక ఆమె సమాధి కూడా త్యాగయ్య గుడికి ఎదురుగానే కట్టారు.

పంచమి నాటి గోష్ఠిలో నాట, గౌళ, ఆరభి దాటి వరాళి వచ్చేసరికి పందిట్లో గొంతులు పల్చబడతాయి. వరాళి నేర్పితే గురుశిష్యులకు చెడుతుందని సంగీతలోకంలో పాత నమ్మకం. అందుకని చాలామంది గురువులు ఆ ఒక్కటీ పాఠం చెప్పరు. అప్పుడు పాడేవాళ్లలో ఎక్కువమంది పుస్తకంలో స్వరం చూసుకునో, ఎవరో పాడింది విని పట్టుకునో నేర్చుకున్నవాళ్లు. శ్రీరాగం అందుకోగానే మళ్లీ అందరూ కలుస్తారు.