పాఠం ఎవరి చెవికి?

1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభ జరిగింది. గిడుగు వెంకట రామమూర్తి పంతులు లేచి నిలబడి ఏకధాటిగా నాలుగు గంటలు మాట్లాడారు. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టే పండితులు సైతం దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని, వాళ్ల పుస్తకాల్లోంచే ఉదాహరణలు తీసి చూపించారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి, చెవులు వినపడవు. మధ్యలో ఎవరు అడ్డుపడినా ఆ ధార ఆగి ఉండదనుకోవాలి.

ఆ చెవుడు కూడా ఆయనకు బడి పని వల్లే వచ్చింది. పర్లాకిమిడిలో చరిత్ర చెప్పే పంతులుగా ఉన్న రోజుల్లో, తెలుగు రాని సవర గిరిజనుల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆయన కొండలెక్కారు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు, వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. కొండల్లో మలేరియా పట్టుకుంటే క్వినైన్ మింగారు. జ్వరం తగ్గింది గానీ వినికిడి పోయింది. ఆ మనిషే తర్వాతి రోజుల్లో తెలుగు పాఠం పిల్లల చెవికి తెలిసిన భాషలో ఉండాలని ఊరూరా తిరిగి వాదించారు.

ఈ వాదానికి నిప్పు రాజేసినవాడు ఒక ఇంగ్లీషు దొర. ఉత్తరాది జిల్లాల బడుల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్ 1906 ప్రాంతంలో క్లాసులు తనిఖీ చేస్తూ, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉండే తెలుగు మరొకటి కావడం చూసి ఆశ్చర్యపోయాడు. వస్తువు చూపించి, దాని గురించి మాట్లాడించి భాష నేర్పే పద్ధతి ఆయనకు ఇష్టం. బల్ల మీది మామిడిపండును చూపించి పిల్లాడి చేత ఎవరూ మాట్లాడని తెలుగు పలికించడం ఎలా? ఆ ప్రశ్న గురజాడ అప్పారావుకూ గిడుగుకూ చేరింది. మిగతాది సాహిత్య చరిత్రే. అయితే సాహిత్య చరిత్రకారులు దీన్ని కవుల తగాదాలా చెబుతారు గానీ, మొదలైంది మాత్రం క్లాసు గదిలోనే.

గోదావరి జిల్లాలు ఈ పోరులో రెండు పక్షాలకూ మనుషుల్ని ఇచ్చాయి. గ్రాంథికవాదుల నాయకుడు జయంతి రామయ్య పంతులు కోనసీమ ముక్తేశ్వరం మనిషి. ఇటు 1919 ఫిబ్రవరి 28న రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పుట్టినప్పుడు అధ్యక్షుడు కందుకూరి వీరేశలింగం, కార్యదర్శి గిడుగు. మూడు నెలలు తిరక్కుండానే వీరేశలింగం కన్నుమూశారు.

ఆయన ఆ కుర్చీలోకి వచ్చిన దారి చిత్రమైనది. కుర్రతనంలో పెదవులు తగలని అక్షరాలతో, సంస్కృతం కలవని తెలుగులో నలుని కథను నైషధం పేరుతో మొత్తం పద్యాల్లో రాసిన పండితుడాయన. అలాంటి మనిషి 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. అదే ఏడు వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టి, మొదట మద్రాసులో అచ్చు వేయించి, తర్వాత ముద్రాయంత్రాన్ని రాజమండ్రికే తెచ్చుకున్నారు. ఆనాటి సాంకేతికత అంటే అదే: సీసపు అక్షరాలు, ఇనుప మర. మర ఊళ్లోనే ఉంటే పాఠకుడు ఎవరో కళ్లకు కనిపిస్తాడు. 1883లో ఆడవాళ్ల కోసం సతీహితబోధిని పత్రిక వచ్చింది. ఇప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న చదువరికి నైషధం శైలి పనికిరాదని ఆయనకు తెలియజెప్పింది అలంకార శాస్త్రం కాదు, ఆ చదువరులే.

ఆయన చేసిన మరో పని నాటకం. 1880లో వకీళ్ల అక్రమాలను ఎగతాళి చేసే వ్యవహార ధర్మబోధినిని విద్యార్థుల చేత రాజమండ్రిలో ఆడించారు. అందులో పాత్రలు జనం మాట్లాడే మాటలే మాట్లాడతాయి. అక్షరం ముక్క రానివాడికి కూడా కోర్టు వ్యవహారం, ఊరి నడత అర్థమయ్యే పాఠం అది.

ఇక భాషా పోరు సంగతికొస్తే, కాకినాడకు చేరిన సాహిత్య పరిషత్తు తణుకు సభకు ముందే, 1924లో, వ్యావహారికం మీద, అంటే వాడుక భాష మీద, నిషేధం ఎత్తేసింది. ఒరిస్సా ఏర్పడ్డాక 1936లో గిడుగు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వచ్చేశారు. ఆయన సవర బడుల ఆలోచన మాత్రం చాలాకాలం నిద్రపోయింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టినప్పుడు అందులో సవర ఉంది, గోదావరి ఏజెన్సీలో వినపడే కోయ కూడా ఉంది. ఆ పుస్తకాలన్నీ తెలుగు లిపిలోనే అచ్చయ్యాయి.

ఇప్పటి క్లాసులో మర మారింది. వీరేశలింగం పుస్తకాల పాత ప్రతులు స్కాన్ అయి నెట్‌లో దొరుకుతున్నాయి. కానీ చూపు లేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్‌కు స్కాన్ పేజీ అంటే ఉత్త బొమ్మ, చదవడానికి అక్షరం ఉండదు. అందుకే తెలుగు వికీసోర్స్‌లో కొందరు ఔత్సాహికులు ఆ పేజీలను యూనికోడ్ అక్షరాల్లోకి దిద్దుతున్నారు. దిద్దిన పేజీని ఫోను గడగడా చదివేస్తుంది, అరసున్నల దగ్గర మాత్రం కాస్త తడబడుతుంది.