మందు మానినవాడికి మందెందుకు?

ఈ వారం ఎపిసోడ్ వినే తీరిక లేనివాళ్ళ కోసం అదే కథ ఇక్కడ రాతలో.

ఖతర్‌లో బిర్కత్ అల్ అవామిర్ తెలిసినవాళ్ళకి అక్కడి గోడౌన్లు, లేబర్ క్యాంపులు కొత్త కాదు. ఊర్లో రోజూ తాగే మనిషి విమానం దిగి అలాంటి క్యాంపుకి వస్తాడు. ఇక్కడ చుక్క దొరకదు. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర రాదు. రెండో రోజుకి ఫిట్స్ రావచ్చు. మూడో రోజు గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, లేని మనిషితో మాట్లాడతాడు. రూములోవాళ్ళు ఇంటి మీద బెంగ అనుకుంటారు, లేదా గాలి సోకిందంటారు. నిజానికి అది జబ్బు. సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోయే జబ్బు.

దానికి 1813లో థామస్ సట్టన్ అనే ఇంగ్లిష్ డాక్టర్ ‘డెలిరియం ట్రెమెన్స్’ అని పేరు పెట్టాడు. అంటే వణుకుతో కూడిన మతిభ్రమ. ఆయన ఇచ్చిన మందు నల్లమందు. తర్వాత 1869లో బెర్లిన్‌లో లీబ్రైఖ్ అనే శాస్త్రవేత్త క్లోరల్ హైడ్రేట్‌ని నిద్రమందుగా తెచ్చాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మన ఊళ్ళ దగ్గర మళ్ళీ వస్తుంది.

అసలు జబ్బు తాగడం వల్ల వస్తుందా, ఆపడం వల్ల వస్తుందా అని డాక్టర్లు చాలా ఏళ్ళు వాదించుకున్నారు. 1955లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో హారిస్ ఇస్‌బెల్ బృందం పది మందికి మంచి తిండి, విటమిన్లు పెడుతూనే వారాల తరబడి సారా తాగించి, ఒక్కసారిగా ఆపేసింది. ఎక్కువ రోజులు తాగినవాళ్ళలో ఫిట్స్, మతిభ్రమ కనిపించాయి. ఈ రోజుల్లో అలాంటి ప్రయోగానికి ఎవరూ ఒప్పుకోరు. కానీ ఉన్నట్టుండి ఆపడమే ప్రమాదమని దాంతో తేలింది.

ఎందుకలా? మెదడులో గాబా అనే రసాయనం బ్రేకు. గ్లూటమేట్ అనేది ఆక్సిలరేటర్. మద్యం బ్రేకుని బలంగా తొక్కుతుంది, ఆక్సిలరేటర్‌ని అణచిపెడుతుంది. రోజూ అలాగే జరిగితే మెదడు తన బ్రేకుని వదులు చేసుకుని, ఆక్సిలరేటర్‌ని పెంచుకుంటుంది. ఒకరోజు మద్యం ఆగిపోతే బండి బ్రేకు లేకుండా పరుగెడుతుంది. వణుకు, చెమట, గుండెదడ, ఫిట్స్ అన్నీ ఆ పరుగే. మనిషి మనసు గట్టిదా కాదా అన్నదానికీ దీనికీ సంబంధం లేదు.

1957లో అమెరికాలోని రోష్ కంపెనీ ల్యాబులో లియో స్టెర్న్‌బాఖ్ బృందం సర్దుకుంటుంటే పక్కన పడేసిన ఒక పొడి కనిపించింది. పరీక్షిస్తే అది మంచి మందని తేలింది. 1960లో లిబ్రియం పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1963లో దాని తమ్ముడు వాలియం, అంటే డయాజెపామ్, వచ్చింది. ఈ జాతి మందులు గాబా పనికి బలమిస్తాయి, వదులైన బ్రేకుని కాస్త పట్టి ఉంచుతాయి. పైగా లిబ్రియం, డయాజెపామ్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతాయి. డాక్టర్ రోజురోజుకీ డోసు తగ్గిస్తుంటే మెట్లు దిగినట్టు దిగొచ్చు. ఈలోగా మెదడు సర్దుకుంటుంది. 1969లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 537 మంది మీద పోల్చి చూస్తే ఫిట్స్‌నీ మతిభ్రమనీ లిబ్రియమే బాగా ఆపింది. లివర్ దెబ్బతిన్నవాళ్ళకి లొరాజెపామ్ ఇస్తారు. వీటితో పాటు థయామిన్, అంటే బి1 విటమిన్, కూడా అవసరం.

ఇప్పుడు మన ఊళ్ళకి వద్దాం. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపింది ఈ మత్తుమందులనే: క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, అల్ప్రాజోలామ్. 2015 సెప్టెంబర్‌లో ప్రభుత్వం కల్తీ మీద దాడులు చేసి సరఫరా ఆపగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకుతూ, పిచ్చిగా ప్రవర్తిస్తూ ఆసుపత్రులకి చేరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్‌షాపులు మూసేస్తే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం క్యూ కట్టారు. గల్ఫ్ విమానం ఎక్కడం కూడా అలాంటిదే. ఒక మనిషి ఒంటరిగా పడే లాక్‌డౌన్.

మన భాషలో తాగేదీ మందే, తగ్గించేదీ మందే. డాక్టర్ చేతిలో ప్రాణం కాపాడే గోలీ, కల్లు కుండలో పడితే విషం. మద్యంతో కలిపి వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే ఎవరో ఇచ్చిన గోలీలు మింగొద్దు. డాక్టర్ చీటీ, సరైన అనుమతి లేకుండా బ్యాగులో పెట్టుకుని ఖతర్‌కి తేవొద్దు, జైలు దాకా పోతుంది.

వచ్చే నెల విమానం ఉన్న తమ్ముడు రోజూ తాగుతుంటే, ఇంటి దగ్గరే డాక్టర్ని కలిసి మానేసి రమ్మనండి. క్యాంపులో ఎవరికైనా ఫిట్స్ వచ్చినా, మాట తడబడి ఏవేవో కనిపిస్తున్నాయన్నా 999కి ఫోన్ చేయండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు. డాక్టర్‌కి దాచకుండా చెప్పండి: రోజూ ఎంత తాగేవాడు, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు. కల్లు అలవాటుంటే అదీ చెప్పండి. అందులో డయాజెపామ్ ఉండుంటే బాధ కొన్ని రోజులు ఆలస్యంగా మొదలవ్వొచ్చు.

రూములో అందరికీ ఒకసారి చదివి వినిపించండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.