డ్రాయింగ్ పీరియడ్ వెనుక వందేళ్ల చరిత్ర

కోపం, సిగ్గు, అసూయ, బెంగ పదకొండేళ్లు దాటిన పిల్లలకు కొత్తవేమీ కావు. కొత్తగా వచ్చేది వాటి తీవ్రత. ఒళ్లు మారుతుంది, స్నేహాలు మారతాయి, నలుగురిలో తన స్థానం ఏమిటన్న ప్రశ్న మొదలవుతుంది. ఉద్వేగాన్ని రగిలించే మెదడు భాగాలు ఆ వయసుకే చురుగ్గా ఉంటాయి గానీ, వాటికి పగ్గం వేసే ముందరి భాగం పూర్తిగా ఎదగడానికి ఇంకా పదేళ్లకు పైనే పడుతుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత బొమ్మలు వేయించడం, కాసేపు శ్వాస మీద ధ్యాస నిలపమనడం ఈ మధ్యే పుట్టిన పోకడ అని చాలామంది అనుకుంటున్నారు. కొందరు దాన్ని సర్వరోగ నివారిణిలా నెత్తిన పెట్టుకుంటే, కొందరు ఖరీదైన బడుల ప్రచార సరుకని కొట్టిపారేస్తున్నారు. రెండూ తొందరపాటే. ఈ పద్ధతికి వందేళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర చెప్పే సంగతి ఒకటే: పిల్లల ఉద్వేగం అణిచేస్తే పోదు, ఊరికే కక్కించినా కుదుటపడదు. దాన్ని నిదానంగా గమనించడం, చేతులారా దానికొక రూపం ఇవ్వడం ఒకేచోట జరిగినప్పుడే పిల్లవాడికి దాని మీద పట్టు దొరుకుతుంది.

ఈ కథకు మొదలు ఆస్ట్రియా రాజధాని వియన్నా. అక్కడ ఫ్రాంజ్ సిజెక్ అనే చిత్రకళా బోధకుడు 1897లో పిల్లల కోసం ఒక తరగతి ప్రారంభించాడు. నమూనా చూసి యథాతథంగా దించడమే చిత్రలేఖనం అనుకునే కాలమది. పిల్లల బొమ్మ పెద్దల బొమ్మకు అరకొర నకలు కాదని, దాని పద్ధతి దానిదని ఆయన వాదించాడు. 1916లో అదే నగరంలో స్విట్జర్లాండ్‌కు చెందిన యోహానెస్ ఇట్టెన్ సొంత కళాశాల తెరిచాడు. ఆయన అంతకుముందు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. 1919లో జర్మనీలోని వైమర్‌లో బౌహౌస్ కళాశాల మొదలైనప్పుడు ఆయన అక్కడికి వెళ్లి ప్రాథమిక కోర్సును తీర్చిదిద్దాడు. విద్యార్థులు పెన్సిల్ పట్టకముందు వాళ్ల చేత శ్వాస సాధన, ఒళ్లు సడలించే వ్యాయామం చేయించేవాడు. ఆ తర్వాత శ్వాస లయకు తగ్గట్టు పెద్ద కాగితాల మీద చేయి ఆడించమనేవాడు. ముళ్ల మొక్కను గీయాలంటే ముందు ఆ ముల్లు గుచ్చుకునే తీరు ఒంటికి తెలియాలని, ఆ పదును చేతి కదలికలోకి రావాలని, గీత ఆ తర్వాతేనని ఆయన బోధన. ఇవాళ మైండ్‌ఫుల్‌నెస్ అని మనం అంటున్న పద్ధతికి జాన్ కబట్-జిన్ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ వైద్య కళాశాలలో ఆసుపత్రి రూపం ఇచ్చాడు. అంతకు అరవై ఏళ్ల ముందే ఒక డ్రాయింగ్ తరగతిలో శ్వాస, ధ్యాస, గీత కలిసి నడిచాయన్నమాట.

సిజెక్ దగ్గరా ఇట్టెన్ దగ్గరా చదువుకున్న ఒక విద్యార్థిని ఈ విద్యను పిల్లల దాకా తీసుకెళ్లింది. ఆమె ఫ్రీడ్ల్ డికర్. 1898లో వియన్నాలో పుట్టింది, ఇట్టెన్ వెంట వైమర్ వెళ్లింది. తిరిగొచ్చాక కిండర్‌గార్టెన్ ఉపాధ్యాయులకు చిత్రకళ బోధించింది. కమ్యూనిస్టు కార్యకలాపాల పేరిట 1934లో అరెస్టయి, విడుదలయ్యాక ప్రాగ్ చేరి అక్కడి కాందిశీకుల పిల్లలకు బొమ్మలు నేర్పింది. పావెల్ బ్రాండైస్‌ను పెళ్లాడింది. ఇద్దరూ యూదులు. 1942 డిసెంబరులో నాజీలు వాళ్లను ప్రాగ్‌కు ఉత్తరాన ఉన్న తెరెజీన్ ఘెట్టోకు తరలించారు. ఒక్కో మనిషి వెంట 50 కిలోల సామాను మాత్రమే తెచ్చుకోవాలి. ఆమె సామానులో చాలా భాగం పిల్లల కోసం తెచ్చిన కాగితాలు, రంగులే. అక్కడ పిల్లలకు చదువు చెప్పడం నిషిద్ధం; పాటలు పాడించినా, బొమ్మలు గీయించినా చూసీచూడనట్టు వదిలేసేవారు. ఆ చిన్న సందులోంచి ఆమె తన బడి నడిపింది. అమ్మానాన్నలకు దూరంగా పిల్లల వసతి గృహాల్లో, మూడంతస్తుల చెక్క మంచాల మధ్య, ఆకలితో ఉంటున్న పిల్లలే ఆమె విద్యార్థులు. వాళ్లలో ఎక్కువమంది మన ఆరు నుంచి ఎనిమిది తరగతుల వయసువాళ్లు.

ఆ తరగతిలో ఏం జరిగిందో బతికి బయటపడిన విద్యార్థుల మాటల్లో, మిగిలిన బొమ్మల్లో తెలుస్తుంది. ఇట్టెన్ దగ్గర నేర్చిన లయ సాధనతో పాఠం మొదలయ్యేది. వాడిపారేసిన ఆఫీసు ఫారాల వెనక వైపు, పొట్లాలు చుట్టిన కాగితం ముక్కల మీద పిల్లలు గీసేవారు, అతికించేవారు. ఒక పువ్వునో గిన్నెనో ముందు పెట్టి, దాని మీదే చూపు నిలిపి గీయమనేది. పాత చిత్రకారుల చిత్రాలను చింపిన కాగితాలతో మళ్లీ కూర్చమనేది. బాధ గురించే గీయమని ఆమె ఒత్తిడి చేయలేదు. పిల్లలు సీతాకోకచిలుకలను, పొలాలను, వదిలొచ్చిన ఇళ్లను గీశారు. అన్నం కోసం నిలబడ్డ వరుసలను, మంచాల గదులనూ గీశారు. ప్రతి బొమ్మ మీద సొంత పేరు రాయమనేది. మనుషులను రవాణా నంబర్లుగా మార్చిన చోట ఆ సంతకానికున్న విలువను తూకం వేయలేం. 1943లో పిల్లల బొమ్మలతో ప్రదర్శన పెట్టి, పిల్లల చిత్రలేఖనం మీద తోటి బందీలకు ఉపన్యాసం ఇచ్చింది. పిల్లలందరినీ చిత్రకారులను చేయడం తన ఉద్దేశం కాదని, వాళ్లలోని ఊహను, సొంత నిర్ణయ శక్తిని, పరిశీలనను నిలబెట్టడమే తన పని అని అందులో ఆమె వాదన. పెద్దలు తొందరపడి దిద్దితే పిల్లలు తమ దారి తప్పిపోతారని హెచ్చరించింది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్‌విట్జ్ మరణ శిబిరానికి పంపి చంపేశారు. వెళ్లేముందు రెండు సూట్‌కేసుల్లో ఆమె దాచిపెట్టిన బొమ్మలు యుద్ధం ముగిశాక ప్రాగ్ చేరాయి. దాదాపు 4,500 బొమ్మలు ఇప్పుడు అక్కడి యూదు మ్యూజియంలో ఉన్నాయి.

ఈ విద్య ఆమెతో అంతరించలేదు. ప్రాగ్‌లో కాందిశీకుల పిల్లల తరగతుల్లో ఆమెకు సాయపడిన శిష్యురాలు ఈడిత్ క్రేమర్ 1938లో న్యూయార్క్ వెళ్లింది. 1950లో విల్ట్‌విక్ అనే బాలుర వసతి పాఠశాలలో చిత్రకళ చికిత్సకురాలిగా చేరింది. కుటుంబ ఆదరణ కరువై, కొట్లాటల్లో, దొంగతనాల్లో చిక్కుకుని వచ్చిన ఎనిమిది నుంచి పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు అక్కడ ఉండేవారు. ఏడేళ్ల పాటు వాళ్లను గమనించి 1958లో ఆమె రాసిన పుస్తకం, 1971లో వెలువడిన మరో పుస్తకం ఈ రంగానికి పునాదులయ్యాయి. రంగు చేతికిస్తే పిల్లవాడు చేసే పనులను ఆమె ఐదు రకాలుగా విడదీసింది. రంగు పులమడం, గీకడం ఒకటి. కాగితం చిరిగేదాకా కొట్టడం, మట్టి విసిరేయడం లాంటి విధ్వంసం రెండోది. సూర్యుడు, కొండ, కొబ్బరిచెట్టు తరహాలో నేర్చిన బొమ్మనే మళ్లీ మళ్లీ వేయడం మూడోది. మాటకు బదులు గుర్తులా ఏదో గీసి చూపించడం నాలుగోది. తన అనుభవాన్ని తాను చూడగలిగేలా, ఎదుటివాడికి అర్థమయ్యేలా నిలకడగా రూపం కట్టడం ఐదోది. మొదటి నాలుగింటికీ వాటి అవసరం ఉన్నా, పిల్లవాడిలో మార్పు తెచ్చేది ఐదోదేనని ఆమె తేల్చింది. కోపంతో రంగు విసిరిన పిల్లవాడికి ఆ కాసేపు ఊరట దొరకవచ్చు. ఒక్కోసారి రేగిన కోపం మరింత రేగుతుంది కూడా. అదే కోపంతో కోరలున్న జంతువును మట్టితో చేసి, కాళ్లు విరగకుండా నిలబెట్టడానికి ఒక పూట తంటాలు పడ్డవాడు ఆ పూటంతా తన కోపంతో కలిసి పనిచేసినట్టే.

ఈ పని మధ్య తరగతుల వయసులోనే ఎందుకు ఎక్కువ అవసరమో మరో వియన్నావాసి విక్టర్ లోవెన్‌ఫెల్డ్ వివరించాడు. ఆయన కూడా నాజీల బారి నుంచి తప్పించుకుని అమెరికా చేరినవాడే. పిల్లల చిత్రలేఖనం వయసుతో ఎలా మారుతుందో 1947లో వచ్చిన పుస్తకంలో దశలుగా చూపించాడు. తొమ్మిదేళ్ల దాకా జంకు లేకుండా గీసిన పిల్లలకు ఆ తర్వాత పోలిక మీద పట్టింపు వస్తుంది. గుర్రం గుర్రంలా కనబడకపోతే సిగ్గుపడతారు. పన్నెండు, పదమూడేళ్లకు వచ్చేసరికి చాలామంది "నాకు బొమ్మలు రావు" అని పూర్తిగా మానేస్తారు. ఉద్వేగాలు ఉప్పెనలా వచ్చే ఏళ్లూ, చేతిలో ఉన్న ఒక భాషను వదిలేసే ఏళ్లూ ఒకటే కావడం విచారకరం. సరిగ్గా అప్పుడే మన బడుల్లో కూడా డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించేస్తున్నాం.

ఈ పద్ధతికి అభ్యంతరాలున్నాయి. అన్నిటికన్నా బరువైనది తెరెజీన్ నుంచే వస్తుంది. ఆ బొమ్మలు వేసిన పిల్లల్లో అత్యధికులను నాజీలు చంపేశారు. బొమ్మలు వాళ్ల ప్రాణాలు కాపాడలేదు. అలాంటి చోటును చూపించి చిత్రకళ మహిమ గురించి మాట్లాడటం న్యాయమా? ఈ ప్రశ్నకు తలవంచాల్సిందే. అన్యాయాన్ని చిత్రకళ ఆపలేదు, ఆకలి తీర్చలేదు. బడిలో కొట్టే మాస్టారు ఉన్నా, హాస్టల్లో ర్యాంకుల వేధింపు ఉన్నా పిల్లలకు రంగు పెన్సిళ్లు ఇచ్చి ఊరుకోమనడం మోసం. ముందు ఆ దెబ్బలు, ఆ వేధింపు ఆగాలి. తీవ్రమైన దిగులుతో, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనతో ఉన్న పిల్లలకు వైద్యుడే కావాలి. కానీ ఫ్రీడ్ల్ తన తరగతి గురించి చెప్పుకున్నది కాపాడటం గురించి కాదు. ఉన్నన్నాళ్లూ పిల్లలు తమ చూపును, తమ పేరును పోగొట్టుకోకూడదని ఆమె పట్టుబట్టింది. ఆ మేరకు ఆమె గెలిచిందనడానికి ఆ సంతకాలే సాక్ష్యం.

ఇదంతా విదేశీ సరుకని కొందరు, ధ్యానం పేరిట మతం చొప్పిస్తున్నారని మరికొందరు అంటారు. విదేశీయమన్నది నిలవదు. రవీంద్రనాథ్ ఠాకూర్ 1901లో నెలకొల్పిన శాంతినికేతన్ బడిలో పిల్లలు ఉదయం, సాయంత్రం పావుగంట చొప్పున ఆరుబయట మౌనంగా కూర్చునేవారు. ఆ సమయంలో ఏం ఆలోచించావని తాము అడగమని ఠాకూర్ స్వయంగా రాశారు. అక్కడే నందలాల్ బోస్ చేతుల మీదుగా చిత్రకళ బడి జీవితంలో భాగమైంది. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆ పట్టణానికి దగ్గర్లోనే రిషి వ్యాలీ బడికి ప్రేరణ అయ్యారు. అక్కడ పిల్లలు సాయంకాలం కొండ మీద కూర్చుని మాట లేకుండా సూర్యాస్తమయం చూస్తారు. ఏ మంత్రమూ లేదు, ఎవరి పటమూ లేదు. ఇక మతం సంగతికి ఇట్టెన్ జీవితమే పాఠం. ఆయన మజ్దాజ్నాన్ అనే శాఖను నమ్మి, దాని ఉపవాసాలను, ఆహార నియమాలను విద్యార్థుల్లోకి తెచ్చాడు. కళాశాల వ్యవస్థాపకుడు వాల్టర్ గ్రోపియస్‌తో విభేదాలు ముదిరి 1923లో బౌహౌస్ వదిలి వెళ్లాడు. తెరెజీన్ తరగతికి చేరింది ఆ విశ్వాసం కాదు. లయ, చూపు, చేతిపని. ప్రభుత్వ బడికి పనికొచ్చేదీ అదే.

మూడో అభ్యంతరం రుజువుల గురించి. బ్రిటన్‌లో 85 బడుల్లో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలతో జరిగిన మిరియడ్ అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఉపాధ్యాయులు తరగతిలో బోధించిన మైండ్‌ఫుల్‌నెస్ పాఠాల వల్ల, మామూలుగా బడులు ఇచ్చే భావోద్వేగ శిక్షణకు మించిన మేలు కనిపించలేదు. ఎక్కువమంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనేలేదు. ఈ ఫలితాన్ని దాచిపెట్టి ప్రచారం చేయడం పిల్లల పట్ల నిజాయతీ అనిపించుకోదు. అయితే అది పరీక్షించింది దేన్ని? అందరికీ ఒకే పాఠం, కళ్లు మూసుకుని వినే సూచనలు, పన్నెండేళ్ల చేతులకు ఏ పనీ లేని సాధన. ఇట్టెన్ దగ్గరా ఫ్రీడ్ల్ దగ్గరా శ్వాస ఒక గీతకు దారి తీసింది, ఆ గీత పిల్లవాడి ముందు మిగిలింది. ఈ వయసు పిల్లవాడు తన లోపలికి చూడమంటే బిత్తరపోతాడు, విసుగుపడతాడు. చేతిలో ఆకు పెట్టి దాని ఈనెలన్నీ గీయమంటే నిమిషాల తరబడి కదలడు. కళకూ ధ్యాసకూ మధ్య తెగిన ఈ బంధమే ఆ వైఫల్యానికి పూర్తి కారణమని నేను అనను. తెగ్గొట్టిన సగాన్ని పరీక్షించి మొత్తం పద్ధతి పనికిరాదని తీర్పు ఇవ్వడం మాత్రం సరికాదు.

మన దగ్గర దారి లేకపోలేదు. 2018లో ఢిల్లీ ప్రభుత్వం నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా హ్యాపీనెస్ పాఠ్యప్రణాళిక తెచ్చి, అందులో మైండ్‌ఫుల్‌నెస్‌ను చేర్చింది, పరీక్షలు పెట్టలేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న ప్రతి బడికీ చిత్రకళకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలి. అంటే ఇది ఎవరో దయతలచి ఇవ్వాల్సింది కాదు, చట్టం ఇచ్చిన హక్కు. చేయాల్సినవి ఖరీదైనవి కావు. వారానికి రెండు పీరియడ్లు ఎవరూ లాక్కోకుండా ఉండాలి. మొదటి ఐదు నిమిషాలు మౌనంగా ఒక వస్తువును చూడటానికి, మిగతాది చేతిపనికి. మార్కులు వద్దు, పోటీలు వద్దు, పక్కవాడి బొమ్మతో పోలిక వద్దు. వాడిన కాగితాల వెనకవైపు చాలు. దిద్దడానికి చేయి చాచని మాస్టారు కావాలి. ప్రధానోపాధ్యాయులను, తల్లిదండ్రులను కోరేది ఇదే: టైమ్‌టేబుల్‌లో ఉన్న డ్రాయింగ్ పీరియడ్‌ను పిల్లలకే వదిలేయండి, బోధకుడి పోస్టు ఖాళీగా ఉంటే భర్తీ చేయమని రాతపూర్వకంగా అడగండి.