చిత్తూరు మేయరు హత్య – న్యాయనిర్ణయము

చిత్తూరు నగరపాలకసంస్థకుఁ బ్రథమ మేయరైన కఠారి అనురాధయు, ఆమె భర్త మోహనుఁడును 2015 నవంబరు 17వ తేదిని హతులైరి. బురఖాలు ధరించి వచ్చిన హంతకులు కార్యాలయమందే యామెను దుపాకితోఁ గాల్చిరి. కత్తిపోట్లు తిన్న మోహనుఁడు వేలూరు ఆసుపత్రిలో మరణించెను. మోహనుఁడు వివాదములకు దూరుఁడు కాఁడు, పూర్వశాసనసభ్యుఁడు సి.కె. బాబుపై జరిగిన హత్యాప్రయత్నమున నాతఁడును నిందితుఁడే. అంతమాత్రమున దీనిని ముఠాకక్షగాఁ గొట్టివేయువారితో నేనేకీభవింపను. ప్రజలెన్నుకొన్న స్త్రీని పౌరకార్యాలయమందే చంపుట కక్షకు మించిన నేరము.

ప్రధానదోషి మోహనుని మేనల్లుఁడు. పాణిని ‘భ్రాతృవ్య’ శబ్దమును సోదరపుత్రార్థమునను, శత్ర్వర్థమునను వేఱువేఱు సూత్రములతో సాధించెను. వానికి ముందటి సూత్రమున సాధించిన ‘స్వస్రీయ’ శబ్దమునకు సోదరీపుత్రుఁడనుటయే కాని శత్రువను నర్థము లేదు. ఇచ్చట నా భేదమునకుఁ దావు లేకపోయెను.

వ్యవహారము దాదాపు పదేండ్లు సాగెను. 2025 అక్టోబరులోఁ జిత్తూరు న్యాయస్థానము మేనల్లునితోఁ గూడ నైదుగురికి మరణశిక్ష విధించెను. ఇంతతో వ్యాజ్యము ముగిసెనని జిల్లాచరిత్రలలో వ్రాయుట తొందరపాటు. హైకోర్టు ధ్రువపఱచినఁగాని యట్టి శిక్ష యమలునకు రాదు. ఆపై సుప్రీంకోర్టున నప్పీలును, రాష్ట్రపతికి క్షమాభిక్షార్థనమును గలవు.